సూపర్‌వైజర్ దాకానేనా మనం?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా మండలంలో చదువుకున్న పిల్లకాయల్ని పోగుచేసి ఒక సభ పెట్టారు. డిగ్రీ చదివినోళ్లు, ఇంజనీరింగు చదివినోళ్లు, ఎంబీయే చదివి రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా కాస్తున్నోళ్లు అందరూ వచ్చారు. మేనేజర్లు కావడం ఎట్లా అనేది సభ విషయం. చెప్పడానికి నెల్లూరు నించి ఒక పెద్దమనిషి కారులో దిగాడు. కోటు, టై. రోహిణీ కార్తె ఎండలో ఆ కోటు చూసి మా వాడ ముసలామె ఒకామె "అయ్యో, చలిజరం కాబోలు నాయనా" అని జాలిపడింది.

పెద్దమనిషి మూడు గంటలు చెప్పాడు. మీ బతుక్కి మీరే మేనేజర్లు అన్నాడు. చెయ్యి ఎట్లా కలపాలో, ఎంత నవ్వాలో, ఎదుటివాడి కళ్లల్లోకి ఎంతసేపు చూడాలో చేసి చూపించాడు. (మా తాతలు దొర కళ్లల్లోకి చూస్తే ఏం జరిగేదో ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.) చివర్లో ఏమన్నా అడగండి అన్నారు. నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు లేచాడు. పేరు రాయను. రాస్తే రేపు గేటు కాడ వాడి పాసు ఆగుద్ది. తొమ్మిదేళ్లుగా ఒక కంపెనీలో సూపర్‌వైజర్.

"సార్, నా తర్వాత వచ్చినోళ్లు ముగ్గురు నా పైన మేనేజర్లయినారు. ముగ్గురికీ పని నేర్పింది నేనే. నాలో తక్కువేందో చెప్పండి" అన్నాడు.

పెద్దమనిషి కాసేపు పైకి చూసి, "ఆత్మవిశ్వాసం" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. అబ్బాయి కూచున్నాడు.

ఆ చప్పట్ల మీద కోపంతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

మేనేజర్ అంటే టై కాదు, సంతకం. సెలవు ఎవరికి, ఓటీ ఎవరికి, ఏ కాంట్రాక్టరు బిల్లు ముందు పాసు కావాలి, ఎవర్ని తియ్యాలి, రేపు ఎవర్ని పెట్టాలి... ఈ కాగితాల కింద పడే సంతకం మేనేజర్‌ది. సూపర్‌వైజర్‌కి ఆ సంతకం లేదు. ఆయనకి ఉండేది గొంతు. పొద్దన్నే ఆరింటికి వ్యాను దిగిన ఆడోళ్లని లెక్కబెట్టి, రొయ్యలు ఒలిచే బల్లల ముందు నిలబెట్టి, "బిన్నా కానీండి అక్కా" అని అరిచే గొంతు. ఆ బల్లల ముందు నిలబడేది ఎవరు? మన వాడల ఆడోళ్లు, యానాది కాలనీల ఆడోళ్లు, పట్టపుపాళేల ఆడోళ్లు. వాళ్లచేత పని చేయించాలంటే వాళ్ల మాట తెలిసినోడు కావాలి, వాళ్ల ఇళ్లల్లో చావూ పెళ్లీ తెలిసినోడు కావాలి. అందుకని మనవాణ్ణి పెడతారు. వెనక పెద్దరైతుల ఇళ్లల్లో పెద్దపాలేరని ఉండేవాడు. మా నాన్న కొన్నాళ్లు చేశాడు ఆ పని. మిగతా పాలేర్ల మీద అజమాయిషీ అంతా ఆయనదే. ధాన్యం లెక్క చూసే రోజు మాత్రం ఆయన గడప ఇవతల. ఈనాటి సూపర్‌వైజర్ ప్యాంటు తొడుక్కున్న పెద్దపాలేరు. తిట్లు కింద నించి తినేది వాడే, పై నించి తినేది వాడే.

మన తీరం ముప్పై ఏళ్లలో ఎట్లా మారిందో మీకు చెప్పక్కర్లేదు. 1990 తర్వాత రొయ్యల గుంటలొచ్చాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరపు హద్దు లోపలి గుంటలు తీసెయ్యమంది, 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ చట్టం చేసి గుంటలకి దారి చూపింది. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైంది. దాని చుట్టూ కరెంటు ప్లాంట్లు. అటు తడ కాడ శ్రీసిటీ. ఈ అభివృద్ధి కిందికి పోయిన నేలలో మన డీకేటీ పట్టాలున్నాయి, మన సీజేఎఫ్ఎస్ సొసైటీ భూములున్నాయి. భూమి పోయినోళ్లకి ఉద్యోగాలన్నారు. ఏ ఉద్యోగం అని ఎవరడిగాం? నేనూ ఆ ధర్నాల్లో కూచున్నోణ్ణే. "ఇంటికో ఉద్యోగం" అని అరిచాం. ఉద్యోగం అనే ఒక్క మాటలో స్వీపరూ ఉండాడు, జనరల్ మేనేజరూ ఉండాడు. మనం మాట విడదీసి అడగలా. వాళ్లు విడదీసి ఇచ్చారు.

నేలటూరు థర్మల్ కేంద్రానికి దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు. ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు. సంజీవయ్య గారు 1960లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు. 1965లో బోనస్ చట్టం వచ్చినప్పుడు కేంద్రంలో కార్మిక మంత్రి ఆయనే. గేటు మీద ఆ పేరు చూసి మా పిల్లకాయలు పొంగుతారు. పొంగాల్సిందే. అయితే పేరు గేటు మీద ఉండటం ఒకటి, గేటు లోపల మనం ఏ మెట్టు మీద ఉన్నామనేది ఇంకోటి. అది సర్కారు కంపెనీ, రోస్టరు ఉంటుంది, అడిగే హక్కు మనకుంది. పక్కనుండే ప్రైవేటోళ్లని ఎవరు అడగాలి?

ప్రైవేటులో కులం లేదు, ప్రతిభే ఉందని చెబుతారు. చూద్దాం ఆ ప్రతిభని. సుఖదేవ్ థోరట్, పాల్ ఎటివెల్ అనే ఇద్దరు పండితులు 2005-06లో ఒక పని చేశారు. పేపర్లో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అర్హత ఒకటే. పేరు మాత్రం మార్చారు. కొన్నిటి మీద అగ్రకులపు పేరు, కొన్నిటి మీద దళిత పేరు, కొన్నిటి మీద ముస్లిం పేరు. అగ్రకులపు పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపొచ్చే అవకాశం మూడింట రెండు వంతులే అని తేలింది. ఆత్మవిశ్వాసం కాగితం మీద ఎక్కడ కనపడింది వాళ్లకి? చెయ్యి కలపలేదు, కళ్లల్లోకి చూడలేదు. పేరు ఒక్కటే చూశారు.

అదే రోజుల్లో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ వైపు కంపెనీల్లో మనుషుల్ని పనిలోకి తీసుకునే మేనేజర్లని కూచోబెట్టి మాట్లాడించారు. కులం చూడమని అందరూ చెప్పారు. చూసేది ఏమిటయ్యా అంటే "కుటుంబ నేపథ్యం" అన్నారు. మీ నాన్న ఏం చేస్తాడు, అన్నదమ్ములేం చేస్తారు, ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ. మా అబ్బాయినీ అదే అడిగారంట, మేనేజర్ పోస్టుకి పిలిచిన ఒకే ఒక్కసారి. నాన్న కూలికి పోతాడని నిజం చెప్పాడు. లోపలోళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు తప్ప ఇంకే ప్రశ్నా లేదు. మా ఊళ్లో టీ కొట్టు కాడ కులం అడగాలంటే "మీదే ఊరబ్బయా, యాడ ఇల్లు" అని అడుగుతారు. ఏసీ గదిలో కూచున్నోడు అదే ప్రశ్న ఇంగ్లీషులో అడుగుతాడు, అంతే తేడా.

ఇక పై మెట్లు. దేశంలో వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల కులాల లెక్క ఒకటి 2012లో అచ్చయింది. నూటికి 93 మంది అగ్రకులాల వాళ్లు. ఎస్సీ, ఎస్టీలిద్దరూ కలిసి మూడున్నర. సర్కారు ఏమన్నా మేలా అంటే, 2019లో పార్లమెంటుకి చెప్పిన లెక్క ప్రకారం కేంద్రంలో 89 మంది సెక్రటరీల్లో ఎస్సీ ఒక్కరు, ఎస్టీలు ముగ్గురు, ఓబీసీ అసలు లేరు. ఒక్కరు! దేశంలోని దళితులందరి ఆత్మవిశ్వాసం పోగేస్తే ఒక్క సెక్రటరీకి సరిపోయిందన్నమాట.

మేనేజర్ పుట్టడు, చేస్తారు. ఎట్లా చేస్తారో నేను దగ్గరగా చూశా. పై మేనేజర్ ఒక కుర్రోణ్ణి వెంటేసుకుంటాడు. "మనోడే" అంటాడు. మీటింగులో పక్కన కూచోబెట్టుకుంటాడు. రిపోర్టు రాయమంటాడు, తప్పులు దిద్దుతాడు. హైదరాబాదు ఆఫీసుకి తీసకపోయి నలుగురికి చూపిస్తాడు. వాడు లక్ష రూపాయల సరుకు పాడుచేస్తే "నేర్చుకుంటాడులే" అంటాడు. ఈ "నేర్చుకుంటాడులే" అనే మాటే అసలు చదువు. ఏ ఎంబీయే కాలేజీలోనూ దొరకదు. మనవాడికి ఆ మాట దొరకదు. మనవాడు ఒక పెట్టె ఐసు తక్కువేస్తే "వీళ్లింతే" అంటారు. వాడొక్కడు కాదు, వాడి వెనకాల కులం మొత్తం తప్పు చేసినట్టు. తప్పు చేసే హక్కు లేనోడు కొత్తపని నెత్తికెత్తుకోడు. నెత్తికెత్తుకోని వాణ్ణి చూసి చొరవ లేదని రాస్తారు. ఇదీ చక్రం.

నా సంగతీ చెప్పాలి. హెడ్మాస్టరు కూడా మేనేజరే కదా, చిన్న మేనేజరు. కొన్నేళ్ల కింద ఒక బడిలో నన్ను ఇన్‌ఛార్జి హెడ్మాస్టరుగా కూచోబెట్టారు. బడి పేరు వద్దు. హాజరు పట్టీ హెడ్మాస్టరు బల్ల మీద ఉంటుంది, అందరూ వచ్చి సంతకం చెయ్యాలి. ఇద్దరు మేష్టర్లు నా ముందు నిలబడి సంతకం పెట్టడానికి ఇష్టపడలా. అటెండరు చేత పట్టీ స్టాఫ్ రూముకి తెప్పించుకునేవాళ్లు. "మీ గది ఉక్కగా ఉంటుంది సార్" అన్నారు నవ్వుతా. మొదటి నెల నేనూ నవ్వా. నాలో భయం ఉండింది, దాచుకోను. రెండో నెల పట్టీ బల్ల దాటి పోకూడదని అటెండరుకి చెప్పా. అంతే, నేను అహంకారినయ్యా. ఆ ఏడు నా రిపోర్టులో పై అధికారి "సిబ్బందిని కలుపుకుపోలేడు" అని రాశాడు. రాసిన సంగతి ఎవరూ చెప్పలా. ఒక గుమస్తా మిత్రుడు చెవిలో వేస్తే లెటరు పెట్టి అడిగి తీసుకున్నా. హాజరు పట్టీ నకళ్లు జతచేసి జవాబు రాశా. నాలుగు నెలలకి ఆ వాక్యం కొట్టేశారు. అడక్కపోయుంటే ఆ ఒక్క వాక్యం రిటైరయ్యేదాకా నా నెత్తిన కూచునుండేది.

సర్కారు కొలువుల్లో, బ్యాంకుల్లో, ప్రభుత్వ కంపెనీల్లో ఉండే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. దేవ్‌దత్ అనే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సరిహద్దు రోడ్ల శాఖలో పనిచేసేవాడు. ప్రమోషన్‌కి అయిదేళ్లు "చాలా మంచిది" అని ఉండాల. ఒక ఏడు "మంచిది" అని రాసి ఊరుకున్నారు. ఆయనకి చెప్పలా. ప్రమోషన్ పోయింది. 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: మంచో చెడో, రిపోర్టులో రాసిన ప్రతి మాటా ఆ ఉద్యోగికి తెలియజెయ్యాలి, దాని మీద అర్జీ పెట్టుకునే వీలివ్వాలి. 2013లో ముగ్గురు జడ్జీల బెంచి అదే ఖాయం చేసింది. కాబట్టి ఏటా అడగండి. నోటితో కాదు, కాగితంతో. నకలు మీద స్టాంపు వేయించుకోండి. "మంచిది" అని రాస్తే సంతోషపడి ఇంటికి పోవద్దు. మన మెడ కోసేది తిట్టు కాదు, ఆ చప్పని పొగడ్తే.

చట్టం లేక కాదు మనం కింద ఉండేది. 1917లో విదేశీ చదువులు చదివొచ్చిన బాబాసాహెబ్ బరోడాలో పెద్ద ఉద్యోగంలో చేరితే, ప్యూన్లు ఫైళ్లు దూరం నించి బల్ల మీదికి విసిరేవాళ్లు, తాగడానికి నీళ్లు పెట్టేవాళ్లు కాదు. ఆ మనిషే వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడై, 1943లో కేంద్ర ఉద్యోగాల్లో మనకి 8.33 శాతం రాయించాడు. 1992లో మండల్ తీర్పు ప్రమోషన్లలో రిజర్వేషన్ కుదరదంటే 1995లో 77వ రాజ్యాంగ సవరణ వచ్చింది. సీనియారిటీ తీసేస్తే 2001లో 85వ సవరణ వచ్చింది. మన రాష్ట్రంలో 2003లో జీవో 5 వచ్చింది. 2006లో నాగరాజ్ తీర్పు లెక్కలు చూపించమంది, 2018లో జర్నైల్ సింగ్ తీర్పు కొంత సడలించి, మనలో క్రీమీలేయర్ అని ఇంకో ముడేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలా. రోస్టరు పాయింటు ఉంటుంది, డీపీసీ కూచోదు. డీపీసీ కూచుంటుంది, రిపోర్టు దొరకదు.

ఇప్పుడు మళ్లీ ఆత్మవిశ్వాసం దగ్గరికొద్దాం. మన కృష్ణపట్నం ప్లాంట్ల మాదిరే బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు ఒకటి అమెరికాలో నార్త్ కరోలినాలో ఉండింది, డ్యూక్ పవర్ కంపెనీది. 95 మంది పనివాళ్లలో 14 మంది నల్లవాళ్లు. వాళ్లని లేబర్ డిపార్టుమెంటులో మాత్రమే పెట్టేవాళ్లు. ఊడవటం, మోయటం. అక్కడ అందరికంటే ఎక్కువ జీతం వచ్చేవాడికి కూడా మిగతా డిపార్టుమెంట్లలో అందరికంటే తక్కువ జీతగాడి కన్నా తక్కువే. 1965 జూలైలో వివక్ష నిషేధ చట్టం అమలుకొచ్చింది. అదే రోజు కంపెనీ కొత్త రూలు తెచ్చింది: మంచి డిపార్టుమెంట్లలో చేరాలంటే పరీక్ష పాసవ్వాల. రంగు అడ్డం కాదు, ప్రతిభే అంది. విల్లీ గ్రిగ్స్, ఆయన తోటివాళ్లు, మొత్తం 13 మంది కోర్టుకి పోయారు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఒకే మాట చెప్పారు: చేసే పనితో సంబంధం లేని పరీక్ష పెట్టి ఒక జాతిని బయట ఉంచితే, మనసులో ఏమున్నా సరే, అది వివక్షే. మన పెద్దమనిషి అయితే ఆ 13 మందికి చెయ్యి కలపడం నేర్పించుండేవాడు.

ఆ దేశంలో వందమంది పైన పనివాళ్లుండే కంపెనీ ఏటా లెక్క ఇవ్వాలని 1960ల నించీ ఉంది. మొత్తం ఎంతమందని కాదు. పెద్ద మేనేజర్లలో ఏ జాతివాళ్లు ఎందరు, చిన్న మేనేజర్లలో ఎందరు, కూలీల్లో ఎందరు, మెట్టు మెట్టుకీ లెక్క. మన దగ్గర 2006లో కంపెనీల సంఘాలు, చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామన్నాయి. 2019లో మన శాసనసభ పరిశ్రమల్లో నూటికి 75 ఉద్యోగాలు స్థానికులకని చట్టం చేసింది. అది కోర్టు మెట్లెక్కడం తర్వాత సంగతి. చట్టంలోనే మెట్ల మాట లేదు. డెబ్బయ్యయిదు మందీ గేటు కాపలాకి సరిపోయినా చట్టం నెరవేరినట్టే! కర్ణాటకోళ్లు 2024 జూలైలో మేనేజ్‌మెంటు ఉద్యోగాల్లో సగం, మిగతావాటిలో 70 శాతం అని విడదీసి బిల్లు రాశారు. కంపెనీలు గోలపెడితే పక్కన పెట్టేశారు. ఎక్కడ తగిలితే గోల వస్తుందో తెలిసింది కదా.

మనవాళ్లకీ రెండు మాటలు. మేనేజర్ కుర్చీ దళారీ కుర్చీ, మనకెందుకనే అన్నలున్నారు ఉద్యమంలో. అన్నా, ఆ కుర్చీ సంతకంతోనే మన ఆడోళ్ల రోజు కూలి కోత పడుతోంది. ఆ కుర్చీలో మనం లేకపోతే ఖాళీగా ఉండదు గదా. ఇంకోరకం వాళ్లూ ఉన్నారు. కుర్చీ ఎక్కినాక ఇంటిపేరు పొట్టి అక్షరాల్లోకి కుదించుకుని, వాడ నించి ఎవరన్నా పోతే గేటు కాడే "మీటింగులో ఉన్నా" అనిపించేవాళ్లు. వాళ్లని తిట్టడం సులభం. పక్కసీటోడికి తెలిస్తే ఏమవుద్దోనని రోజూ చస్తా బతికే మనిషిని నేను తిట్టలేను. కానీ ఆయనకి దొరకని "నేర్చుకుంటాడులే" అనే మాట తన కింది కుర్రోడికి ఆయనైనా అనొచ్చు గదా! దానికి కులం చెప్పుకోనక్కర్లేదు.

ఇంగ్లీషు వద్దనడం లేదు నేను. లెక్కలు, కంప్యూటరు, లెటరు రాయడం, నలుగురి ముందు మాట్లాడటం అన్నీ రావాల. మా పాఠశాలలో ఆదివారాలు నేర్పుతున్నాం కూడా. అబద్ధమేమిటంటే, అవి వస్తే తలుపు దానంతటదే తెరుచుకుంటుందని చెప్పడం.

సభ అయిపోయిన రాత్రి ఆ అబ్బాయి మా ఇంటికొచ్చాడు. ఆత్మవిశ్వాసం కాదు సార్, ఏం చెయ్యాలో చెప్పండి అన్నాడు. ఇద్దరం కూచుని కంపెనీకి ఒక లెటరు రాశాం. మూడే ప్రశ్నలు. మేనేజర్ పోస్టు ఖాళీ అయితే ఆ సంగతి నోటీసు బోర్డులో ఎందుకు పెట్టడం లేదు? ఆ పోస్టుకి ఏ అర్హతలు, ఎన్నేళ్ల అనుభవం కావాలి? తొమ్మిదేళ్లలో నా పని మీద ఏడాదికేడాది ఏం రాశారు, నకలివ్వగలరా? రెండు తప్పులు నేను దిద్దా, మూడు వాడే దిద్దాడు. మర్నాడు తీసకపోయి ఇచ్చాడు. హెచ్చార్ మేనేజర్ చదివి, "ఎవరు రాసిచ్చారు ఇది?" అని అడిగాడంట. "నేనే రాసినా సార్" అన్నాడంట మా వాడు, కళ్లల్లోకి చూసి. స్టాంపు వేసిచ్చారు. జవాబు ఇంకా రాలా. ఆ షిఫ్టులో ఇంకో ఇద్దరు సూపర్‌వైజర్లు నకలడిగారు, ఇచ్చాం. ఇంకెవరికన్నా కావాలంటే పత్రిక అడ్రసుకి కార్డు రాయండి, పంపిస్తాం.